మత్తుమందు చరిత్రలో మన హైదరాబాదు

మన కార్వేటినగరం వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోతాం. కడుపు కోయాలంటే తిరుపతికో, వేలూరుకో పోతాం. అప్పుడు పెద్దలు జంకేది కత్తికి కాదు, మత్తుకు. "మళ్ళీ లేస్తామా?" అంటారు. ఈ భయం తీర్చడానికి ఒకప్పుడు నిజాం ప్రభువే ఖజానా తెరిచారని మనలో ఎందరికి తెలుసు?

1846లో అమెరికాలో ఈథరు, 1847లో స్కాట్లాండులో క్లోరోఫారం ఆపరేషన్లకు వచ్చాయి. నొప్పి పోయింది గానీ, క్లోరోఫారంతో కొందరు బల్లమీదే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఊపిరేనని హైదరాబాదు సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గారి ఖర్చుతో 1888, 1889లలో రెండు కమిషన్లు పరీక్షలు జరిపాయి. రెండవదానికి లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై పరీక్షించి లారీ మాటే ఖాయం చేశారు. ఆ కాలంలోనే అక్కడ చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరు పొందారు.

ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. క్లోరోఫారం గుండెనూ హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ చూపాడు. కానీ "రోగి ఊపిరిని కనిపెట్టి ఉండు" అన్న లారీ పాఠం మాత్రం నిలిచింది.

ఇప్పుడు క్లోరోఫారం లేదు. చిన్న కోతకు ఆ చోటు మాత్రమే తిమ్మిరి, నడుము కిందికి వెన్ను సూది, పెద్దవాటికి పూర్తి మత్తు. వేలికి తగిలించే యంత్రం రక్తంలో ప్రాణవాయువును చూపుతూనే ఉంటుంది. మన వంతు రెండే: డాక్టరు చెప్పినంతసేపు పరగడుపున ఉండడం, బీడీ, షుగరు, ఉబ్బసం, వాడే మందులు ఏదీ దాచకపోవడం. సిగ్గుపడి దాచితే ముప్పు మనకే.