సర్క్లింగ్ అప్రోచ్ మినిమమ్స్

పరికరాల సాయంతో ఒక రన్‌వే వైపు దిగుతూ వచ్చి, చివర్లో కంటిచూపుతో విమానాశ్రయాన్ని చుట్టి మరో రన్‌వేపై దిగడమే సర్క్లింగ్ అప్రోచ్. గాలి దిశ అనుకూలించనప్పుడు ఇది అవసరమవుతుంది. ఎంత ఎత్తు వరకు దిగవచ్చో, కనీసం ఎంత దూరం కనబడాలో చెప్పే హద్దులే మినిమమ్స్.

వీటిని విమాన కేటగిరీని బట్టి ఎంచుకోవాలి. అమెరికా నిబంధనల్లో 91 నాట్లలోపు ఎ, 91 నుంచి 120 వరకు బి, 121 నుంచి 140 వరకు సి, 141 నుంచి 165 వరకు డి. గరిష్ఠ ల్యాండింగ్ బరువు దగ్గర విమానానికి నిర్దేశించిన అప్రోచ్ వేగమే కొలమానం. ఆ రోజు బరువు తక్కువని కింది కేటగిరీకి మారకూడదు. పైకి మారడం మాత్రం తప్పనిసరి కావచ్చు: బి కేటగిరీ విమానాన్ని 125 నాట్ల వేగంతో తిప్పితే సి మినిమమ్సే వర్తిస్తాయి. వేగం పెరిగితే మలుపు వెడల్పవుతుంది, విమానం రక్షిత ప్రాంతం దాటి కొండల మీదికి పోవచ్చు. ఐఎల్ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్)పై వచ్చినా, చుట్టి దిగేటప్పుడు నేరుగా దిగే హద్దు పనికిరాదు. అప్రోచ్ చార్టులో సర్క్లింగ్ గడిలోని ఎత్తే చూడాలి. దిగడానికి అనువైన స్థానం చేరేదాకా ఆ ఎత్తు వదలకూడదు.

2002 ఏప్రిల్ 15న దక్షిణ కొరియాలోని బూసాన్ దగ్గర సర్క్లింగ్ చేస్తూ ఎయిర్ చైనా 129 విమానం కొండను ఢీకొంది. ఆ బోయింగ్ 767కు వర్తించే వాతావరణ మినిమమ్స్ సిబ్బందికి తెలియవని కొరియా దర్యాప్తు తేల్చింది. 166 మందిలో 129 మంది మరణించారు.