బొగ్గుబాయిల ఆకు

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి గట్టిగుంది. ఆ బొగ్గుపెళ్ల చూసిండ్రా, అదీ ఒకప్పుడు చెట్టే. దాని ముచ్చటే చెప్త ఇయ్యాల.

నేను ఇల్లందు బాయిల ఫిల్లర్ పనికి దిగిన కాలమది. బొగ్గు పొర మీద బూడిదరంగు షేలు ఉంటది. ఊడిపడ్డ పెళ్లను పొరపొరగ ఇప్పితే నడుమ ఆకు అచ్చు! ల్యాంపు ఏటవాలుగ పట్టాలె, అప్పుడు కనబడ్తది. జానెడు పొడుగు, అంచుకు పళ్లు లేవు. నడిమిట్ల మందం ఈనె. దానికెళ్లి సన్న ఈనెలు వంగుకుంట అంచుదాక పోతయి, మధ్యల ఒకదాంట్ల ఒకటి కలుస్తయి.

సర్వేకచ్చిన సారు గ్లాసాప్టెరిస్ అన్నడు. 25 కోట్ల ఏండ్లకు పైబడ్డదట. 1828ల బ్రోన్యార్ అనే ఫ్రెంచాయన పెట్టిన పేరు. ఆకును చూసి ఫెర్న్ జాతి అనుకున్నరు. కాదు, గింజ పట్టే పెద్ద చెట్టు. 1952ల దక్షిణాఫ్రికాల ఎడ్నా ప్లమ్‌స్టెడ్ అనే ఆమె, ఆకుకే అంటుకొని ఉన్న గింజల కాపును లోకానికి చూపెట్టింది.

ఆకొక తాన, వేరొక తాన, మొద్దొక తాన దొరికె. దేనికి దానికి పేరు పెట్టుకుంటపోయిరి. వేరు పేరు వెర్టెబ్రేరియా. నాకైతే ఆకుకంటె వేరే ముద్దు. రాయిల అది అచ్చం వెన్నుపూసల లెక్క కనబడ్తది. నడుమ కట్టె, చుట్టూ ఖాళీ అరలు, అరకూ అరకూ నడుమ అడ్డగోడ. ఎందుకంటరా? బురదనేలల నిలవడ్డ చెట్టాయె. నీళ్లల్ల వేరుకు ఊపిరాడద్దా మరి? ఆ అరలల్ల గాలి ఉండేదంటరు చదువుకున్నోళ్లు. మొద్దు కోస్తే ఏడాదికొక్క వలయం. కాలం చూసి ఆకు రాల్చేది, అందుకే కొన్ని పెళ్లలల్ల ఆకు మీద ఆకు పరిచి ఉంటది.

1912ల దక్షిణ ధ్రువం పోయి మళ్లుతున్న స్కాట్ దొర మంచుల సచ్చిపోయిండు గదా, ఆయన బండి మీద 16 కిలోల రాళ్లు దొరికినయి. వాటిల్ల గిదే ఆకు! తిండి లేక నడవలేకపోతున్నా పారేయలే. నేనైతే మొదటి దినమే ఇసిరేద్దును.

ఆస్ట్రేలియాల, ఆఫ్రికాల, దక్షిణ అమెరికాల గూడ గిదే చెట్టు. అంత గింజ సముద్రాలు దాటి పోలేదు, అప్పుడు ఆ భూములన్నీ ఒక్క తానే ఉండె. ఆ పాత భూమికి గోండ్వానా అని మన గోండుల గడ్డ పేరే పెట్టిండ్రు.

వేరు పెళ్ల ఒకటి నా పెట్టెల ఉన్నది, పొద్దుగాల ఎండల చూపెడ్త. ఆకుది అడగకుండ్రి, అది సారు పట్టుకపోయిండు.