అచ్చుయంత్రం ఎవరిది, సర్వర్ ఎవరిది?



పోయిన భాగం చదివి ఒక విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, మన పెద్దోళ్ళు పత్రికల కోసం అప్పులు చేసిండ్రు, నిజమే. ఇప్పుడు ఆ బాధ లేదు గదా. ఫోన్ల రాస్తే లోకమంతా చదువుతది." చాలామంది మనసులో ఉన్న మాటే ఇది. జవాబు మన చరిత్రలో ఉంది. రాయడం ఒక పని. రాసింది ఎవరి యంత్రం మీద నిలబడి ఉందో చూసుకోవడం ఇంకో పని. మన పెద్దలు ఈ రెండో పనిని కూడా వదిలిపెట్టలేదు. ఈ భాగం దాని గురించే. చివర్లో పాత ల్యాప్‌టాప్‌తో ఇంట్లో సొంత సర్వర్ ఎట్లా మొదలుపెట్టాలో కూడా చెప్తాను. భయపడకండి. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. నాకు అర్థమైంది మీకు అర్థం కాకుండా ఉండదు.

1. కేసరి వద్దన్న ప్రకటన

1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్ నాయక్' పక్షపత్రిక మొదలుపెట్టాడు. దానికి కొల్హాపూర్ సాహు మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చాడు. కొత్త పత్రిక వస్తున్నదని ప్రకటన వేయమంటే, డబ్బులు ఇస్తామన్నా తిలక్ పెట్టిన 'కేసరి' వేయలేదు. ఆ రోజు ఎవరూ మన నోరు మూయలేదు. మన మాట వాళ్ళ కాగితం మీదికి రాకుండా చూసుకున్నారు, అంతే. అందుకే 1927లో 'బహిష్కృత భారత్' పెట్టిన కాలంలో అంబేద్కర్ పత్రికతో ఆగకుండా సొంత ప్రెస్సు కూడా సమకూర్చుకున్నాడు. దాని పేరు భారత భూషణ్ ప్రింటింగ్ ప్రెస్. తర్వాతి రోజుల్లో అదే బుద్ధ భూషణ్ అయింది.

నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చాడు. 1989లో బొజ్జా తారకం గారి సంపాదకత్వంలో 'నలుపు' వచ్చింది. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసేవాళ్ళకు ఈ పత్రికల పాత సంచికలు ఎంత విలువైనవో తెలుసు. కాగితం పసుపెక్కినా, అట్ట ఊడిపోయినా, ఏదో ఒక ఇంటి అటక మీద ఒక ప్రతి దొరుకుతుంది. ఎందుకు దొరుకుతుంది? అచ్చయిన ప్రతి కాపీ చదివినవాడి సొంతం కాబట్టి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

2. మాచునూరు క్యాసెట్లు

సొంత యంత్రం అంటే నాకు మొదట గుర్తొచ్చేది జహీరాబాద్ దగ్గరి మాచునూరు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువగా దళిత స్త్రీలు, యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే రేడియో స్టూడియో కట్టుకున్నారు. మైకు పట్టింది, మిక్సర్ తిప్పింది అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. యంత్రం ఉంది, మాట ఉంది, గాలిలోకి వదలడానికి అనుమతి మాత్రం లేదు.

అనుమతి ఎందుకు లేదో చూడండి. 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. క్రికెట్ మ్యాచ్ ప్రసారం మీద వచ్చిన కేసు అది. తీర్పు వచ్చింది కానీ దారి తెరవలేదు. 2002లో విద్యాసంస్థలకు మాత్రం కమ్యూనిటీ రేడియో ఇచ్చారు. ప్రజా సంఘాలకు ఇవ్వడానికి 2006 చివరిదాకా ఆగవలసి వచ్చింది. సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న.

మరి ఈ పదేళ్ళూ వాళ్ళేం చేశారు? చిరుధాన్యాల సాగు, విత్తనాలు, మందులు, పాటలు, అన్నీ రికార్డు చేసి క్యాసెట్లు పెట్టుకున్నారు. ఆ క్యాసెట్లను ఊళ్ళ సంఘం సమావేశాల్లో పెట్టి వినిపించుకున్నారు. లోకానికి చేరకపోయినా పక్క ఊరికి చేరింది. గాలి మనది కాకపోయినా గదిలో చప్పుడు మనదే. ఇంట్లో నెట్‌వర్క్ అంటే ఏమిటని అడిగిన ప్రతి విద్యార్థికీ నేను ఈ క్యాసెట్ల సంగతే చెప్తాను.

3. గోడ మీది రాతలు

ఇప్పుడు మన కాలానికి వద్దాం. రోహిత్ వేముల ఎక్కువగా రాసింది ఫేస్‌బుక్‌లో. 2016 జనవరి 17 తర్వాత ఆ పోస్టులను నిఖిలా హెన్రీ ఏరి, కూర్చి 2017లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు. ఆ పని జరగబట్టి అవి ఇవాళ పుస్తకంగా మన చేతిలో ఉన్నాయి. అట్లా ఏరి పెట్టేవాళ్ళు లేని వేలమంది పిల్లల రాతల సంగతేమిటి?

కంపెనీ గోడలు శాశ్వతం కావు. జియోసిటీస్ 2009లో మూతపడింది. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. యాహూ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి సాగిన చర్చలు 2020 డిసెంబర్‌తో ముగిశాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా ఆగిపోయాయి. ఎవరూ దాడి చేయలేదు. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక తప్పుడు ఆదేశంతో ఆ కంపెనీ చిరునామాలే ఇంటర్నెట్ పటం మీద నుంచి చెరిగిపోయాయి. ఇది పొరపాటున జరిగింది. కావాలని జరిగేది వేరే ఉంది. చాలామంది కలిసి రిపోర్టు కొడితే ఒక పేజీ మాయం కావచ్చు. ఎందుకని అడగడానికి అక్కడ మనిషి ఉండడు.

2010 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఎబెన్ మోగ్లెన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఒక ఉపన్యాసంలో దీనికి మందు చెప్పాడు. ఎవరి సమాచారం వాళ్ళ ఇంట్లో, గోడకు పెట్టుకునే చిన్న డబ్బాలో ఉండాలన్నాడు. దాని నుంచి 'ఫ్రీడమ్ బాక్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పుట్టింది. దాన్ని తయారుచేసిన ముఖ్యుల్లో మన హైదరాబాద్ వాళ్ళున్నారు. 'స్వేచ్ఛ' సంస్థ ద్వారా ఇక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చాలా ఏళ్ళ నుంచి సాగుతున్నది. కాబట్టి ఇది ఎక్కడో అమెరికా వాళ్ళ ముచ్చట కాదు.

4. కొత్తగూడలో ఏం చేయవచ్చు

మా కొత్తగూడ అడవి పక్క మండలం, ఏజెన్సీ. కోయ గూడేలు, మాల మాదిగ వాడలు. లోపలి ఊళ్ళకు పోతే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. గాలివాన వస్తే కరెంటు పోతుంది. "ఇక్కడ సర్వర్ ఏంది సార్" అని నవ్వుతారు. కానీ ఒక విషయం చాలామందికి తెలియదు. ఇంట్లో రౌటర్ పెడితే, ఇంటర్నెట్ లేకపోయినా ఆ రౌటర్ చుట్టూ ఉన్న ఫోన్లు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సిమ్ అక్కరలేదు, రీఛార్జ్ అక్కరలేదు. మాచునూరు క్యాసెట్ లాంటిదే ఇది.

మూలకు పడేసిన ల్యాప్‌టాప్ తీసుకోండి. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. బ్యాటరీ ఇంకా పట్టుకుంటే కరెంటు పోయినా కాసేపు ఆగదు. అందులో డెబియన్ లాంటి ఉచిత లినక్స్ వేయండి. మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చండి. వైఫైతో కాకుండా ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. రౌటర్ ప్రతి యంత్రానికీ ఒక లోపలి చిరునామా ఇస్తుంది, 192.168.1.10 లాగా. అది రోజూ మారకుండా రౌటర్ సెట్టింగుల్లో ఆ ల్యాప్‌టాప్‌కే కట్టిపెట్టండి. ఇంటి నెట్‌వర్క్‌లో మొదటి పాఠం ఇదే.

తర్వాత ఒక్క పని పెట్టుకోండి. ఒకేసారి పది పెడితే ఏదీ నిలవదు. నా సలహా కివిక్స్. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుంటే నెట్ లేకుండా పిల్లలు ఫోన్లో చదువుకోవచ్చు. రెండోది జెల్లీఫిన్. ముసలమ్మల పాటలు, డప్పు దరువులు, బైండ్ల కథలు మీరు రికార్డు చేసినవి అందులో పెడితే వాడ మొత్తం వినొచ్చు. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మాత్రం మొదటి రోజే మార్చేయండి. అప్‌డేట్లు మరవకండి.

బయటి ఊరి నుంచి మీ సర్వర్‌ను చూడాలంటే ఇంకో అడ్డం ఉంది. పాత పద్ధతిలో ఇంటర్నెట్ చిరునామాలు సుమారు 430 కోట్లు. 2011 ఫిబ్రవరిలోనే వాటి ప్రపంచ నిల్వ ఖాళీ అయింది. అందుకని కంపెనీలు ఎన్నో ఇళ్ళకు కలిపి ఒకే చిరునామా ఇస్తున్నాయి. మీ రౌటర్‌లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ అందులోనే ఉన్నారు. మనం బయటికి పోయి తెచ్చుకోవచ్చు, బయటివాడు మన తలుపు కొట్టలేడు. ఇది కులం వల్ల వచ్చింది కాదు, కొరత వల్ల వచ్చింది. కానీ ఫలితం చూడండి: వినే హక్కు అందరికీ, వినిపించే తలుపు కొందరికే. దీనికి ఐపీవీ6 ఒక దారి, వైర్‌గార్డ్ అనే సొరంగం ఇంకో దారి. అది వేరే భాగంలో చెప్తాను. అప్పటిదాకా రౌటర్‌లో పోర్టులు తెరవకండి. ముందు ఇంట్లో నిలబడనీయండి.

5. ఒక్క ఇల్లు సరిపోదు

సొంత యంత్రం ఉంటే ఇక భద్రమేనా? కాదు. బాబాసాహెబ్ చేతుల మీదుగా వచ్చిన ఆ బుద్ధ భూషణ్ ప్రెస్సు, ముంబై దాదర్‌లోని అంబేద్కర్ భవన్‌తో పాటు 2016 జూన్‌లో రాత్రికి రాత్రి కూల్చివేతకు గురైంది. మన యంత్రం కూడా కూలుతుంది. హార్డ్ డిస్క్ పాడవుతుంది, పిడుగు పడుతుంది, ఎవరో ఎత్తుకుపోతారు. ప్రెస్సు కూలినా రాతలు పోలేదంటే, ప్రతులు వేల ఇళ్ళలో ఉన్నాయి కాబట్టి.

కాబట్టి మూడు కాపీలు పెట్టండి. ఒకటి సర్వర్‌లో, ఒకటి పక్కన పెట్టిన హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న మిత్రుడి ఇంట్లో. సింక్‌థింగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొత్తగూడలో పెట్టింది నర్సంపేటలో ఉన్న మిత్రుడి యంత్రానికి దానంతటదే చేరుతుంది. దాడులకు గురైనవాళ్ళ వాంగ్మూలాలు ఉంటే తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి. వాళ్ళ అనుమతి లేకుండా ఎవరికీ తెరవకండి.

ఫేస్‌బుక్ వదిలేయమని నేను అనడం లేదు. ఈ వ్యాసం కూడా కంపెనీ గోడ మీదే పెడుతున్నాను. జనం ఉన్నచోటే మాట్లాడాలి. మూలప్రతి మాత్రం మన దగ్గర ఉండాలి.

ఈ వారం మీకొక పని. మీ ఫోన్లో ఉన్న అమ్మమ్మ పాట, నాయన చెప్పిన కూలి పోరాటం ముచ్చట, సంఘం మీటింగ్ వీడియో, ఏదైనా ఒక్కటి వెతకండి. ఎవరిది, ఏ ఊరు, ఏ తేదీ అని ఫైలుకు పేరు పెట్టండి. రెండు చోట్ల దాచండి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు కింద రాయండి. సెలవుల్లో కొత్తగూడలో కూర్చుని కలిసి మొదలుపెడదాం.

జై భీమ్.