మిరప ఎరుపు ఎక్కడ మాయమైంది?

తమిళనాడులో కోవిల్‌పట్టికి తూర్పున, విళాత్తికుళం తాలూకా నాగలాపురం చుట్టుపక్కలంతా నల్లరేగడి. ఆ నేలలో మిరప పండుతుంది. ఆ ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లూ చాలానే ఉన్నాయి. కాయలు ఎండే రోజుల్లో ఆ వరండాల్లో ఒక చిక్కుముడి పడుతుంది. పగలు ఎండలో కణకణలాడిన కాయ, రాత్రి ఎల్‌ఇడి బల్బు కింద పోస్తే మట్టిరంగుకి తిరుగుతుంది. గుంటూరు యార్డువాళ్లు తాలు అనే రంగు చెడిన కాయ ఏదో, మేలి కాయ ఏదో తేలదు.

“నైనా, ఇది తాలా, మంచిదా?” అని కొడుకు అడిగితే, “పొద్దున చూసుకుందాం లేరా” అంటాడు పెద్దాయన.

గుండుబల్బు రోజుల్లో ఈ పేచీ లేదు. అప్పుడు వెలుగు ఇంతకంటే తక్కువే, అయినా ఎరుపు ఎరుపుగానే కనిపించేది. మరి ఇప్పుడు ఏమైంది? సాక్ష్యాలన్నీ బల్బు పెట్టె మీదే అచ్చయి ఉన్నాయి: 9 వాట్లు, 900 ల్యూమెన్లు, 6500 కె, సిఆర్‌ఐ 80, పక్కన నాలుగైదు నక్షత్రాలు.

వాట్‌ని ముందే వదిలేయవచ్చు. అది బల్బు తినే కరెంటు లెక్క, ఇచ్చే వెలుగు లెక్క కాదు. వెలుగుని చెప్పేది ల్యూమెన్. 60 వాట్ల గుండుబల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, తిన్న కరెంటులో చాలా భాగం వేడికే పోతుంది. 9 వాట్ల ఎల్‌ఇడి 900 ఇస్తోంది. కాబట్టి ‘వెలుగు చాలక’ అనే అనుమానం నిలవదు. వోల్టేజి మీదికి తోయడమూ కుదరదు. వోల్టేజి పడిపోయిన సాయంత్రాల్లో గుండుబల్బు ఎర్రబడేది, ఆ ఎర్రటి వెలుగులోనూ మిరప ఎర్రగానే కనిపించేది.

ఆ ఎర్రబడడమే తరవాతి ఆచూకీ. బల్బులోని తీగ వేడి తగ్గితే ఎరుపు వైపుకి, పెరిగితే తెలుపు వైపుకి జరుగుతుంది. కొలిమిలో ఇనుమూ అంతే. వేడికీ రంగుకీ ఉన్న ఈ బంధాన్ని తేల్చే కొలతలు బెర్లిన్‌లో 1887లో పెట్టిన ప్రభుత్వ ప్రయోగశాలలో జరిగాయి. దీపాలకు ఒక నమ్మకమైన ప్రమాణం కావాలన్నది అక్కడి అవసరాల్లో ఒకటి. ఆ కొలతలకు సరిపోయే సూత్రం కోసం తంటాలు పడే 1900 డిసెంబరులో మాక్స్ ప్లాంక్ క్వాంటం భావనకు తలుపు తీశాడు. ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రం మొదలవడంలో దీపాల బాధ కూడా ఉందంటే నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది.

పెట్టె మీది ‘కె’ ఆ వేడి లెక్కే, కెల్విన్. గుండుబల్బు తీగ నిజంగానే 2700 కెల్విన్ల దగ్గర మండుతుంది. సూర్యుడి ఉపరితలమే 5800 దగ్గర ఉంటే మన వరండా బల్బులో 6500 ఎక్కడిది? లేదు. అంత వేడెక్కిన వస్తువు వెలుగు ఏ ఛాయలో ఉంటుందో ఆ ఛాయకి దగ్గరగా కనిపిస్తుందని మాత్రమే ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. అయితే నేరస్థుడు కెల్వినేనా? 3000 బల్బు పెట్టి చూస్తే కాయ కాస్త తేరుకుంటుంది గానీ పాత ఎరుపు రాదు. పైగా మధ్యాహ్నపు పగటి వెలుగూ 6500 దరిదాపుల్లోనే ఉంటుంది, అందులో మిరప ధగధగలాడుతుంది. కెల్విన్‌ది కొంత పాత్రే.

ఇక మిగిలింది సిఆర్‌ఐ. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందన్నదానికి నూటికి వేసే మార్కు ఇది. 80 అంటే ఫస్ట్ క్లాసే కదా అనిపిస్తుంది. ఆ మార్కు ఎలా వేస్తారో చూస్తే మాత్రం గుట్టు బయటపడుతుంది. వెలుగు కొలతల అంతర్జాతీయ సంస్థ సిఐఇ రాసిన పద్ధతిలో పద్నాలుగు రంగు నమూనాలున్నాయి. పెట్టె మీద వేసే అంకె మొదటి ఎనిమిదింటి సగటు. ఆ ఎనిమిదీ చాలావరకు లేత, మసక రంగులు: బూడిద కలిసిన ఎరుపు, లేత నీలం, లేత ఊదా, ఇలాంటివి. చిక్కటి ఎరుపు తొమ్మిదోది, పేరు ఆర్ 9. దాన్ని కొలుస్తారు, సగటులో కలపరు. ఎనిమిది పరీక్షల సగటుతో పాసై, తొమ్మిదోదాంట్లో సున్నా తెచ్చుకున్న పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు లాంటిది ఇది. సిఆర్‌ఐ 80 ఉన్న మామూలు బల్బుల ఆర్ 9 సున్నా చుట్టూ తచ్చాడుతుంది, నాసిరకం వాటికి సున్నా కిందికీ పోతుంది.

ఎరుపు ఎలా పోయిందో బల్బు కడుపులో ఉంది. తెల్లటి ఎల్‌ఇడి లోపల ఉండేది నీలం చిప్. జపాన్‌లోని నిచియా కంపెనీ 1993లో ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఇడిని, 1996లో దాని మీద, పడిన వెలుగు రంగుని మార్చే పసుపు ఫాస్ఫర్ పూసి తెల్లదాన్ని తెచ్చింది. నీలంలో కొంత పసుపుగా మారి, మిగిలిన నీలంతో కలిసి కంటికి తెలుపనిపిస్తుంది. ఆ వెలుగుని విడదీసి చూస్తే నీలం దగ్గర కొనదేలిన శిఖరం, ఆకుపచ్చ-పసుపుల దగ్గర వెడల్పైన దిబ్బ, 600 నానోమీటర్లు దాటాక దిగుడు. మిరపకాయలోని కాప్సాంతిన్ లాంటి రంగుద్రవ్యాలు నీలాన్నీ ఆకుపచ్చనీ మింగేసి, ముఖ్యంగా ఆ 600 దాటిన భాగాన్నే తిరిగి కంటికి పంపుతాయి. బల్బు ఇవ్వనిది కాయ ఎక్కడినుంచి తెచ్చి చూపిస్తుంది?

సరే, తయారీదారుకి ఎరుపంటే అంత పగ దేనికి? దానికి జవాబు మొదట్లో మనం వదిలేసి వచ్చిన ల్యూమెన్‌లోనే ఉంది. ల్యూమెన్ కంటి రుచిని బట్టి వేసే లెక్క. ఆ రుచి పట్టీని సిఐఇ 1924లో ఖాయం చేసింది. పచ్చటి 555 నానోమీటర్ల దగ్గర ఒక వాట్ వెలుగుకి 683 ల్యూమెన్లు పడతాయి. 650 దగ్గర, అంటే చిక్కటి ఎరుపులో, అదే వాట్‌కి 73. ఎరుపుని కలిపితే ఖర్చు అంతే, ల్యూమెన్లు మాత్రం దాదాపు పదో వంతు. మన దేశంలో కరెంటు పొదుపు చూసే ప్రభుత్వ సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాలు వాట్‌కి ఎన్ని ల్యూమెన్లన్న లెక్క మీదే పడతాయి. ఎరుపు పెడితే నక్షత్రం జారే ప్రమాదం, తీసేస్తే పెట్టె మీద పెద్ద అంకె. ఇందులో మోసం ఎవరూ చేయలేదు. కరెంటు ఆదా చేయమని అడిగాం, అంకెలు ఆ మాట విన్నాయి.

2014 ఫిబ్రవరిలో ప్రభుత్వ టోకు కొనుగోలుకి ఒక ఎల్‌ఇడి బల్బు 310 రూపాయలు పడితే, 2016కల్లా 38కి దిగింది. 2015 జనవరి 5న మొదలైన, చవగ్గా ఎల్‌ఇడి బల్బులిచ్చే ప్రభుత్వ ఉజాలా పథకంతో అది ఊరూరికీ చేరింది. అంత చవకలో ఎర్ర ఫాస్ఫర్ కలపమని అడిగేవాడెవరు? ఆ ధరకి మిరప రంగు చూసేవాళ్ల గోడు చేరదు.

దారి లేకపోలేదు. ఆర్ 9 అంకె చిన్న ఊళ్ల అంగళ్లలో దొరికే పెట్టెల మీద మామూలుగా ఉండదు. సిఆర్‌ఐ 90 అని ఉన్న బల్బులో సాధారణంగా ఎర్ర ఫాస్ఫర్ కలిసి ఉంటుంది, ఎరుపు చాలా మెరుగు. కొనేటప్పుడు జేబులో రెండు కాయలు, ఒకటి మేలిది, ఒకటి తాలు, వేసుకెళ్లి అంగట్లోనే వెలిగించి పట్టి చూడడం మంచిది. ఆ బల్బు అదే వాట్లకి కాస్త తక్కువ ల్యూమెన్లిస్తుంది, ధర కొంచెం ఎక్కువ, నక్షత్రం ఒకటి తగ్గొచ్చు కూడా. ఇల్లంతా అక్కర్లేదు, కాయలు ఏరే చోట ఒక్కటి చాలు.