మొరాయించే డిస్కు: కంప్యూటర్‌లోనే ఉన్న మరమ్మతు సాధనాలు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కునగరం చెంతనే ఉన్న పారిశ్రామిక పట్టణం జాముల్. కొలువుల కోసం ఈ ప్రాంతానికి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పెళ్లి ఫొటోలు, పింఛను పత్రాలు, సొంతూరి భూమి దస్తావేజుల నకళ్లు నేడు చాలావరకు కంప్యూటర్ డిస్కుల్లోనే ఉంటున్నాయి. డిస్కు తెరుచుకోనప్పుడు ముందుగా కనిపించేది ‘ఫార్మాట్ చేయాలి’ అన్న సూచన. దానికి సమ్మతిస్తే దాచుకున్న సమాచారం చేజారే ప్రమాదం ఉంది.

విండోస్‌లో తొలుత చూడవలసినది డిస్క్ మేనేజ్‌మెంట్. స్టార్ట్ బటన్‌పై కుడి క్లిక్ చేస్తే ఈ పేరు కనిపిస్తుంది. డిస్కు బాగానే ఉండి, దానికి డ్రైవ్ అక్షరం లేకపోవడమే ఒక్కోసారి అసలు లోపం. అక్షరం కేటాయిస్తే సమస్య తీరుతుంది. విభాగాలను కుదించడం, పెంచడం కూడా ఇక్కడే. అయితే పెంచాలంటే ఆ విభాగానికి వెంటనే కుడివైపున ఖాళీ స్థలం ఉండాలి. పాత ఎంబీఆర్ పద్ధతి సాధారణంగా 2 టెరాబైట్లకు మించిన స్థలాన్ని వినియోగించుకోలేదు. అంతకన్నా పెద్ద డిస్కులకు జీపీటీ పద్ధతి అవసరం.

ఫైళ్ల పట్టికలో దొర్లిన పొరపాట్లను సరిచేసేది డాస్ కాలం నుంచీ ఉన్న చెక్‌డిస్క్. ఆదేశాన్ని ఒంటరిగా ఇస్తే పరిశీలించి నివేదిక మాత్రమే ఇస్తుంది. ‘స్లాష్ ఎఫ్’ జోడిస్తే సరిచేస్తుంది. ‘స్లాష్ ఆర్’ చెడిపోయిన సెక్టార్లను సైతం వెతుకుతుంది. పెద్ద డిస్కులపై దీనికి గంటలు పట్టవచ్చు. సీ డ్రైవ్ వాడుకలో ఉంటుంది కనుక ఆ పని కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు జరుగుతుంది. చెక్‌డిస్క్ చక్కదిద్దేది ఫైళ్ల వ్యవస్థనే, పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాధనం కాదు. డిస్కు నుంచి టకటక శబ్దం వస్తుంటే దీని జోలికి పోరాదు. అందినంత సమాచారాన్ని ముందు వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి, అత్యవసరమైనవైతే నిపుణులకు అప్పగించాలి.

మ్యాక్ కంప్యూటర్లలో డిస్క్ యుటిలిటీలోని ఫస్ట్ ఎయిడ్, లినక్స్‌లో ఎఫ్ఎస్‌సీకే ఇదే పని చేస్తాయి. లినక్స్‌లో డిస్కు విభాగాన్ని అన్‌మౌంట్ చేశాకే మరమ్మతుకు పూనుకోవాలి.

ఇక డిస్క్‌పార్ట్ అత్యంత శక్తిమంతం, అంతే ప్రమాదకరం. అందులో ‘క్లీన్’ అన్న ఒక్క మాట ఎంచుకున్న డిస్కులోని విభాగాలన్నిటినీ తొలగిస్తుంది, మారు ప్రశ్న వేయదు. కనుక ముందుగా ‘లిస్ట్ డిస్క్’ ఆదేశంతో డిస్కు సంఖ్యను, పరిమాణాన్ని సరిచూసుకోవాలి. అవసరం లేని పెన్‌డ్రైవ్‌లను అంతకుముందే తీసివేయాలి.