గొంగడి వెనక నాలుగంగుళాలు

కౌడిపల్లిలో రాత్రి పదిన్నర. మెదక్ రోడ్డు మీద లారీలు పలచబడ్డాక గానీ ఈ గదిలో పని మొదలవదు. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెడతారు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు కూడా పదే. సిమెంటు గోడలు, నున్నటి టైల్స్, మూలన బీరువా. గోడకు ఆనించిన టేబుల్ మీద కంప్యూటర్, రెండు స్పీకర్లు, పక్కన మైకు. బతుకమ్మ దగ్గర పడుతోంది. ఆలోపు పాట యూట్యూబులోకి ఎక్కాలని ఈ ఇంటి కుర్రాడి ఆరాటం.

"జర ఇనరాదే అన్నా," అంటూ నిన్న రికార్డు చేసింది పెడతాడు. వరసకు అత్తయ్యే ఆమె గొంతు. నాట్లేస్తూ పాడితే రెండు మళ్ల అవతలికి వినబడే గొంతది. ఇక్కడ అడుగున ఎక్కడి నుంచో వస్తోంది. "బాయిల వడి పాడినట్టు లేదా?" అని అతనే అనేస్తాడు.

గది నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టండి. చప్పుడు ఆగాక ట్ర్ర్ర్‌మని తోకలా ఇంకొకటి మిగులుతుంది. సెకనుకు సుమారు 1,130 అడుగులు పోయే శబ్దానికి ఈ గది ఏపాటి? గోడను తాకి తిరిగి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. గోల్కొండలో ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు బాలాహిస్సార్ దాకా వినబడితే అబ్బురపడతాం. పడగ్గది ఆ విద్య ప్రదర్శిస్తే మాత్రం పాటకు చేటు.

స్పీకర్లలోంచి 56 హెర్ట్జ్ మోత పెట్టమనండి. గది నడుమ ఉందా లేదా అన్నట్టుంటుంది. మూలకు నడిస్తే పొట్టలో గుబగుబ. పొడవు, వెడల్పు, ఎత్తు ఒకటే కాబట్టి ఎదురెదురు గోడలు రెండు జతలూ, నేలా స్లాబూ కలిసి ఒకే శ్రుతి పట్టుకున్నాయి. డప్పు మోత ముద్దగా మారేది ఇందుకే. బీరువా తలుపు, సజ్జ మీది స్టీలు బిందెలు కూడా గీమంటూ వంత పాడతాయి. బిందెలు వంటింట్లోకి మోస్తుంటే వాళ్లమ్మ లేస్తుంది. "నడిరాత్రి బిందెలేందిరా, ఇల్లు మారుతున్నమా?"

వరండాలో గుడ్ల ట్రేల దొంతర. ఎవరో కోళ్ల ఫారం నుంచి తెచ్చిచ్చారు. "గివి గోడలకు అతికిస్తే సౌండు ఆగుతదంట గదా?" ఆగదు. ఆ అట్ట పైస్థాయి శబ్దాన్ని కాస్త కొరికి మిగతాదంతా వదిలేస్తుంది. పైగా నిప్పంటుకుంటే క్షణం పట్టదు. లారీ హారన్ లోపలికి రాకుండా ఉండాలంటే బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. లోపలి మోత చావాలంటే గాలి దూరే మెత్తదనం కావాలి. ఈ రెండూ వేర్వేరు పనులని చెప్పకుండా స్పాంజి ముక్కలు అమ్మేవాళ్లను తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాలెస్ సబైన్‌కు ఇలాంటి గదినే అప్పగించింది. ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాట పూర్తయ్యాక కూడా అయిదు సెకన్ల పైన మోగేది. ఆయన రాత్రిళ్లు దగ్గరున్న శాండర్స్ థియేటర్ దిండ్లు మోయించుకొచ్చి పరిచి, మోత ఎంతసేపటికి చస్తోందో కొలిచేవాడు. ఆ దిండ్ల లెక్కనే మీరిప్పుడు క్యాలెండర్ కాగితం వెనక వేస్తారు. 1,000 ఘనపుటడుగుల ఉత్త సిమెంటు గదిలో మోత రెండున్నర సెకన్ల పైమాటే. గొంతు రికార్డింగుకు 0.3 సెకన్ల దగ్గరికి దిగాలి. శబ్దాన్ని పూర్తిగా మింగేసే మెత్తదనం 160 చదరపుటడుగులకు పైగా కావాలన్నమాట.

రాక్‌వూల్ పలకలు తర్వాత తేవచ్చు. ఈ రాత్రికి ఇంట్లో ఉన్నవే: తాత గొంగళ్లు, దూది పరుపులు, బొంతలు. కుర్రాడు గొంగడిని గోడకు మేకులతో బిగించబోతాడు. చెయ్యి పట్టుకుని ఆపండి. గోడకు నాలుగంగుళాలు ఎడంగా దండెం కట్టి వేలాడదీయాలి. గోడను అంటుకున్న చోట గాలి కదలదు. కదలని గాలి నుంచి ఉన్ని ఏం గుంజుకుంటుంది? కాస్త ఇవతలికొస్తే గాలి ఊగుతుంది, పోగుల్లో రాసుకుని శబ్దం వేడిగా మారుతుంది. బరువు మోతలకు ఆ ఎడం చాలదు. వాటికోసం పరుపులు చుట్టి, తాళ్లు కట్టి, మూలల్లో ఒకదానిపై ఒకటి నిలబెడతారు. మీరు కుర్చీలో కూర్చుంటే అతను గోడ వెంబడి అద్దం జరుపుతాడు. అద్దంలో స్పీకర్ కనబడిన చోటల్లా ఒక బొంత.

మళ్లీ చప్పట. ఠప్. అంతే.

అత్త వస్తుంది. ఒక చరణం ఎత్తుకుని ఆపేస్తుంది. "ఏందల్లుడా, నా గొంతు నాకే ఇనవడ్తలేదు. నెత్తి మీదికెల్లి చద్దరు కప్పుకొని పాడినట్టున్నది."

లెక్క వేసిన మీకంటే ఆమె చెవే నయం. ఆమె వీపు వెనక గొంగడి ఉండాల్సిందే, మైకు మొహం అటే గనక. పక్క గోడది మాత్రం దించేస్తారు. ఉత్త సిమెంటు బయటపడుతుంది. ఆమె ఓసారి ఊఁ అని చూసుకుని తలాడిస్తుంది. ఫ్యాను ఆపుతారు. పాట సగంలో ఉండగా రోడ్డు మీద లారీ హారన్. కుర్రాడు చెయ్యెత్తుతాడు. లారీ నర్సాపూర్ వైపు దూరమయ్యేదాకా ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడి, మొదటి నుంచి ఎత్తుకుంటుంది.