ఫర్మానా నుంచి గుమాస్తాధారా దాకా: సూరత్‌లో వ్యాపార అనుమతుల చరిత్ర

చిన్న వ్యాపారాన్ని చట్టబద్ధంగా ప్రారంభించడానికి ఎవరి అనుమతి కావాలి, దానికి ప్రతిఫలంగా ఎంత చెల్లించాలి, ఆ అనుమతి వ్యాపారికి ఏ రక్షణ కల్పిస్తుంది అన్న ప్రశ్నలకు తపతీ తీరంలోని సూరత్ నాలుగు శతాబ్దాలుగా వేర్వేరు సమాధానాలు చెబుతూ వచ్చింది. ఆ సమాధానాలను వరుసగా పరిశీలిస్తే, వర్తకులతో సంప్రదించి రూపొందించిన నిబంధన నిలిచిందనీ, ఏకపక్షంగా విధించిన నిబంధన బజారును మూయించిందనీ స్పష్టమవుతుంది.

1573లో అక్బరు సూరత్‌ను జయించిన తరువాత అది మొగలు సామ్రాజ్యానికి ముఖ్యమైన రేవుగా ఎదిగింది. రేవు పాలనను ముత్సద్దీ అనే అధికారి చూసేవాడు. సుంకాల వసూలుకు ఫుర్జా అనే కార్యాలయం ఉండేది. పెద్ద ఓడలు నదిలోకి రాలేక సువాలి వద్ద లంగరు వేసేవి. అక్కడ దించిన సరుకు ఫుర్జాకు చేరిన తరువాత మూటలు విప్పి, వెల కట్టి, సుంకం రాబట్టుకున్న మీదట గాని బజారుకు వదిలేవారు కారు. విదేశీ వర్తకులు తెచ్చిన వెండిని టంకసాలలో కరిగించి రూపాయలుగా ముద్రించుకోవలసి వచ్చేది. కాబట్టి సూరత్‌లో వర్తకం చేయడమంటే ఫుర్జాలోనూ టంకసాలలోనూ లెక్క తేల్చుకోవడమే.

విదేశీ సంస్థలకు ఇవి చాలవు. వాటికి ఫర్మానా, అంటే పాదుషా ముద్రతో వెలువడే రాజాజ్ఞ అవసరమయ్యేది. 1608లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున విలియం హాకిన్స్ సూరత్‌లో దిగినా ఆ కంపెనీకి స్థిరమైన అనుమతి వెంటనే దక్కలేదు. 1612 చివర సువాలి వద్ద పోర్చుగీసు నౌకలపై ఇంగ్లీషువారు పైచేయి సాధించిన తరువాతే పాదుషా జహంగీరు ఫర్మానా అందింది. అప్పటికే 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పుకున్న అదే కంపెనీకి, గోల్కొండ సుల్తాను 1632లో ‘బంగారు ఫర్మానా’ ఇచ్చి, ఏటా 500 వరహాలకు తన రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోనిచ్చాడు. 1717లో మొగలు పాదుషా ఫరూఖ్‌సియర్ ఫర్మానా సూరత్‌లో సుంకాలకు బదులు ఏడాదికి 10,000 రూపాయల చెల్లింపును ఖరారు చేసింది. ఏటేటా ఎంత చెల్లించాలో ముందే తెలియడం కంపెనీకి పెద్ద వెసులుబాటు. ఆ వెసులుబాటు స్థానిక చిల్లర వర్తకునికి లేదు.

అతనికి అండగా నిలిచినది మహాజన్ వ్యవస్థ. మహాజన్ అంటే ఒకే వృత్తి లేదా వర్తకం చేసేవారు కలిసి ఏర్పరచుకున్న సంఘం. ధరలు, సెలవు దినాలు, వివాదాల పరిష్కారం దాని పరిధిలో ఉండేవి. షరాబులు రాసే హుండీ, అంటే ఒక ఊరిలో కట్టిన సొమ్మును మరొక ఊరిలో పొందే చెల్లింపు పత్రం, వారి పరపతి మీదనే చలామణి అయ్యేది. 1669లో స్థానిక ఖాజీ వేధింపులకు నిరసనగా వేలాది మంది బనియా వర్తకులు సూరత్‌ను విడిచి భరూచ్‌కు తరలిపోయారు. అంగళ్లు మూతపడ్డాయి, సుంకాల రాబడి పడిపోయింది. తగిన హామీ లభించాకే వారు తిరిగివచ్చారు.

కంపెనీ 1759లో కోటను, 1800లో నగర పాలనను స్వాధీనం చేసుకున్నాక అనుమతి పత్రం స్వభావం మారింది. 1876–78 కరవు తరువాత, కరవు నివారణ నిధి కోసమని బొంబాయి ప్రభుత్వం 1878లో వర్తకులపై లైసెన్సు పన్ను విధించింది. ధనిక వర్తకునితో పాటు కొద్దిపాటి రాబడి గల దుకాణదారునిపైనా ఈ భారం పడడంతో ఆ ఏడాది ఏప్రిల్‌లో సూరత్ దుకాణాలు వరుసగా కొన్ని రోజులు మూతపడ్డాయి; హర్తాళ్ చివరకు ఘర్షణకు దారితీసింది. రక్షణ ఏదీ ఇవ్వకుండా కేవలం వసూలుకు సాధనమైన లైసెన్సును జనం అనుమతిగా అంగీకరించలేదు.

ఇరవయ్యో శతాబ్దపు చట్టాలు పత్రానికి హక్కును జోడించాయి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ నమోదు తప్పనిసరి కాదు. అయితే నమోదు కాని సంస్థ తన ఒప్పందాన్ని అమలు చేయించుకోవడానికి ఇతరులపై దావా వేయలేదు. అరువు మీద నడిచే సూరత్ బట్టల బజారులో ఈ ఒక్క నిబంధన ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. 1948 నాటి దుకాణాల చట్టం కింద పొందే నమోదు పత్రం గుజరాత్‌లో ‘గుమాస్తాధారా’ అన్న పేరుతో వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఫ్యాక్టరీల చట్టం, విద్యుత్తు వాడుతూ పదిమంది లేదా అంతకు మించి కార్మికులున్న కర్మాగారానికి వర్తించేది. దాని పరిధిలోకి రాకుండా ఉండేందుకు, జరీ, కృత్రిమ పట్టు నేత విస్తరించిన సూరత్‌లో ఒకే కప్పు కింద ఆడే మరమగ్గాలు కాగితం మీద భార్య, తమ్ముడు, కొడుకు పేర్లతో వేర్వేరు చిన్న సంస్థలుగా విడిపోయేవి. యజమానికి మిగులు చేకూర్చిన ఈ విభజన, కార్మికునికి పనిగంటల పరిమితినీ సెలవునూ దూరం చేసింది.

ఆ మగ్గాల దగ్గర నిలబడినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తాము ‘సాంచాలు’ అని పిలిచే మరమగ్గాలపై కూలికి పనిచేయడానికి వలస వచ్చి లింబాయత్, ఉధనా వంటి పేటలలో స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. నేర్పుకు కొదవలేని వీరిలో అధికులు మీటరు లెక్కన కూలి తీసుకునేవారుగానే మిగిలిపోగా, కొందరు సొంత మగ్గాలకూ చీరల వ్యాపారానికీ ఎదిగారు.

2017 జులై 1న అమలులోకి వచ్చిన జీఎస్‌టీ బట్టపై 5 శాతం పన్ను విధించినప్పుడు సూరత్ బట్టల బజార్లు మరోసారి మూతపడ్డాయి. కృత్రిమ నూలుపై పన్ను ఎక్కువ, బట్టపై తక్కువ కావడంతో మిగిలిపోయే పన్ను జమను నేతదారుకు వాపసు ఇవ్వకపోవడం ఒక ముఖ్య అభ్యంతరం. 2018 ఆగస్టు నుంచి ఆ వాపసుకు ప్రభుత్వం అంగీకరించింది.

ఈ చరిత్ర ఫలితంగా ఏర్పడిన నేటి క్రమం పూర్వంకన్నా సరళమైనది. సొంత సంస్థయో భాగస్వామ్యమో నిర్ణయించుకోవాలి. పాన్, బ్యాంకు ఖాతా తీసుకోవాలి. నగరపాలక సంస్థలో గుమాస్తాధారా నమోదు చేసుకోవాలి. అయితే 2019 గుజరాత్ చట్టం ప్రకారం తక్కువ సిబ్బంది గల చిన్న దుకాణం సమాచారం ఇస్తే చాలు. సరుకుల టర్నోవరు ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు. ఇతర రాష్ట్రాలకు సరుకు పంపేవారికి సాధారణంగా ఆ పరిమితితో పనిలేకుండానే నమోదు కావాలి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కింద సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు రావలసిన బాకీని కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజులలో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి.

ఒకనాడు నౌకాబలం ఉన్న కంపెనీకే దక్కిన నిశ్చితత్వం నేడు నాలుగు మగ్గాల యజమానికీ చట్టరీత్యా అందుబాటులో ఉంది. సూరత్‌లో సొంతంగా సాంచా పెట్టుకునే ప్రతి తెలుగు నేతగాడూ మొదటి తాను నేయకముందే ఈ నమోదులు పూర్తిచేసుకోవాలి. పనివారిని వేర్వేరు పేర్ల కింద దాచకుండా అందరినీ పుస్తకాలలో చూపాలి. ఆ పత్రాలు తనకు ఇచ్చే రక్షణ తన దగ్గర పనిచేసేవారికీ చెందినప్పుడే వ్యాపారం చట్టబద్ధమైనదని చెప్పదగును.